భూతకాలం తీసేసిన చట్టం

మన కాలేజీలో ఎవరి పెళ్లి గురించి మాట్లాడినా ఐదు నిమిషాల్లో టాపిక్ వీసా మీదికి వస్తుంది. సీనియర్ అక్కకు సంబంధం కుదిరిందంటే అబ్బాయి ఎలాంటివాడు అని అడిగేవాళ్లు తక్కువ. హెచ్‌వన్‌లో ఉన్నాడా, ఐ-140 అప్రూవ్ అయిందా, ఈమెకు ఈఏడీ ఎప్పుడొస్తుంది అని అడిగేవాళ్లే ఎక్కువ. సప్లీల లెక్క తెలియనివాళ్లు కూడా హెచ్‌ఫోర్ రూల్స్ మాత్రం గడగడా చెప్తారు. హెచ్‌ఫోర్ అంటే డిపెండెంట్ వీసా. భర్త హెచ్‌వన్ ఉన్నంతవరకే భార్య హెచ్‌ఫోర్ ఉంటుంది. 2015 మే వరకు ఆ వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయడానికే వీల్లేదు. ఇప్పుడు కూడా భర్త గ్రీన్ కార్డు ఫైలు ఒక దశ దాటితేనే పని చేసుకోనిస్తారు. ఇదంతా మనకు కంఠోపాఠం. ఎందుకంటే మనలో సగంమంది ఎప్పుడో ఒకప్పుడు ఆ ఫారం నింపాల్సినవాళ్లమే.

ఆ వీసాలో ఉన్న అసలు భయం ఏంటో మన రాష్ట్రానికి 2017లో తెలిసింది. ఆ ఏడాది ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలోని ఒక బార్‌లో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపారు. మన హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి, టెక్సాస్‌లో ఎమ్మెస్ చేసి, గార్మిన్ కంపెనీలో పనిచేస్తున్న మనిషి. వయసు 32. "మా దేశం నుంచి వెళ్లిపోండి" అని అరుస్తూ కాల్చాడని అందరం చదివాం, అందరికీ కోపం వచ్చింది. అయితే ఆ తర్వాతి సంగతి చాలామందికి గుర్తు లేదు. ఆయన భార్య సునయన దుమాల అక్కడ ఉన్నది భర్త వీసా ఆధారంగానే. అంటే తుపాకీ పేలిన రాత్రి ఆమెకు భర్తతో పాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోయింది. ఈ మాట ఆమే స్వయంగా చెప్పింది. అంత్యక్రియల కోసం హైదరాబాద్ వచ్చిన ఆమె తన ఇంటికి, తన ఉద్యోగానికి తిరిగి వెళ్లాలంటే కెవిన్ యోడర్ అనే కాంగ్రెస్ సభ్యుడు పూనుకుని తాత్కాలిక వర్క్ పర్మిట్ ఇప్పించాల్సి వచ్చింది. వార్తల్లోకి ఎక్కింది కాబట్టి ఆమెకు ఒక కాంగ్రెస్ సభ్యుడు దొరికాడు. ఎక్కనివాళ్లకు ఎవరు దొరుకుతారు?

అప్పుడు మనం అడిగిన ప్రశ్న న్యాయమైనది. భర్త చనిపోతే ఆమె తప్పేంటి, ఆమెను పొమ్మనడం ఏం చట్టం అని. ఇదే ప్రశ్నను మన ఊళ్లో, మన చట్టం గురించి కూడా అడగాలన్నదే ఈ వ్యాసం. ఎందుకంటే డిపెండెంట్ వీసా డల్లాస్‌లోనే కాదు, చార్మినార్ వెనక గల్లీల్లో కూడా ఉంది.

నాకెలా తెలుసంటే, మాది శాలిబండ. మా మేనమామకు మొగల్‌పురా వైపు చిన్న జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్ అన్నది పేరుకే. ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాస్‌పోర్టు ఫోటోలు, స్కానింగులు, లామినేషన్లు అన్నీ అక్కడే. సెలవుల్లో కీబోర్డు ముందు కూర్చునేది నేనే. స్కాలర్‌షిప్ ఫారాలు, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు, ఉమ్రా వీసా ప్రింట్ల మధ్య అప్పుడప్పుడూ ఒక బరువైన ఫైలు వస్తుంది. ప్లాస్టిక్ కవర్లో పచ్చరంగు పాస్‌పోర్టు, ఉర్దూ నికానామా, దాని ఇంగ్లిష్ తర్జుమా, భర్త ఆధార్ జిరాక్స్, కరెంటు బిల్లు. అది పాకిస్తాన్ నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చినవాళ్ల ఫైలు.

పాతబస్తీకి, బయటి దేశాలకు పెళ్లి చుట్టరికాలు కొత్తవి కావు. బార్కస్ సంగతి చూడండి. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్స్ అక్కడ ఉండేవి, ఆ మాటే వాడుకలో బార్కస్ అయింది. ఇప్పటికీ ఆ కుటుంబాలకు గల్ఫ్‌లో, యెమెన్‌లో బంధువులున్నారు. ఇక 1947 తర్వాత, ముఖ్యంగా 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ తర్వాత, చాలా కుటుంబాలు కరాచీ వెళ్లిపోయాయి. అక్కడ హైదరాబాద్ కాలనీ అని ఒక పేటే ఉంది, మన ఊరి పచ్చళ్లకు పేరు. అన్న అక్కడ, తమ్ముడు ఇక్కడ ఉండిపోయిన ఇళ్లలో మేనరికాలు, చిన్నాన్న పెదనాన్న పిల్లల మధ్య సంబంధాలు సరిహద్దు దాటి నడిచాయి. మేనరికం అంటే ఏంటో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మనకు మేనమామ ఇల్లు రాజమండ్రిలో ఉంటే, వాళ్లకు కరాచీలో ఉంది. అంతే తేడా.

అంతే అన్నాను గానీ ఆ తేడా మామూలుది కాదు. రాజమండ్రి నుంచి కోడలు రావడానికి గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్ చాలు. కరాచీ నుంచి వచ్చిన అమ్మాయి వచ్చిన 24 గంటల్లో పోలీసుల దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఆమె వీసా మొత్తం దేశానికి కాదు, అందులో రాసిన ఊరికే. పక్క రాష్ట్రంలో ఆడపడుచు పెళ్లికి వెళ్లాలన్నా అనుమతి కావాలి. ముందు వచ్చేది తక్కువ రోజుల వీసా. ఇక్కడే కాపురం ఉండాలంటే లాంగ్ టర్మ్ వీసాకు పెట్టుకోవాలి. దీన్నే అందరూ ఎల్‌టీవీ అంటారు. అదీ గడువు ఉన్నదే, అయిపోయినప్పుడల్లా పొడిగించుకోవాలి. ప్రతిసారీ పెళ్లి రుజువు, భర్త పౌరసత్వ రుజువు, అడ్రసు రుజువు. నికానామా ఒక్కటే చాలదంటారు. నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు నుంచి మ్యారేజ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పెద్దలు ఉర్దూలో రాయించిన పేరుకు, పాస్‌పోర్టులో ఇంగ్లిష్ పేరుకు ఒక్క అక్షరం తేడా వచ్చినా అఫిడవిట్ కావాలి. ఫాతిమా పేరు చివర 'ఎ' ఉందా, 'ఎహెచ్' ఉందా అన్నదాని మీద ఒక కాపురం ఆగుతుంది. కోడ్‌లో ఒక్క సెమీకోలన్ పోతే ఏమవుతుందో తెలిసిన మనకు ఈ బాధ కొంచెం అర్థం కావాలి.

వేరే దేశాల నుంచి వచ్చిన కోడళ్లకు, అల్లుళ్లకు దారి కొంచెం నయం. ఎంట్రీ వీసా ఉంటుంది, 2018 నుంచి చాలా పనులు ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌వో సైటులోనే జరుగుతున్నాయి. పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండితే ఓసీఐ కార్డుకు అప్లై చేసుకోవచ్చు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులకు, వాళ్ల సంతానానికి మాత్రం ఆ కార్డు ఇవ్వరు. అయితే ఓసీఐ వచ్చినవాళ్లు కూడా పూర్తిగా ఊపిరి పీల్చుకోవడానికి లేదు. పెళ్లి ద్వారా వచ్చిన కార్డును విడాకులయితే రద్దు చేయొచ్చని పౌరసత్వ చట్టం సెక్షన్ 7డిలో రాసి ఉంది. కాబట్టి జర్మనీ కోడలైనా, కరాచీ కోడలైనా ఒక విషయంలో సమానమే. ఇక్కడ ఉండే హక్కు ఆమెది కాదు, పెళ్లిది.

షాపుకు వచ్చే వాళ్లలో ఒక ఆపా ఉంది. పేరు చెప్పను, ఎవరో తెలిసేలా కూడా రాయను. 2009లో కరాచీ నుంచి చిన్నాన్న కొడుకును పెళ్లి చేసుకుని వచ్చింది. ఒక్కడే కొడుకు, ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. ఏడేళ్లు నిండాక పౌరసత్వానికి పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకోవాలనే అనుకున్నారట. కానీ అప్లై చేసే ముందు వరసగా 12 నెలలు దేశం వదలకుండా ఉండాలి. దానికి ముందు ఎనిమిదేళ్లలో కనీసం ఆరేళ్లు ఇక్కడ ఉండాలి. వాళ్లమ్మకు జబ్బు చేసిందని కబురొస్తే కరాచీ వెళ్లింది. తిరిగొచ్చాక 12 నెలల లెక్క మళ్లీ సున్నా నుంచి. తర్వాత అమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు వెళ్లనేలేదు, లెక్క పోతుందని. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. స్క్రీన్ వైపు చూసి "ఫోటో ఛోటా కర్కే అప్‌లోడ్ కర్నా బోలే బేటా" అంది. సైజు తగ్గించి అప్‌లోడ్ చేశాను.

కాగితాలన్నీ కుదిరే సమయానికి 2021 వచ్చింది. రెండో వేవ్‌లో భర్త పోయాడు.

ఆ తర్వాత ఎల్‌టీవీ పొడిగింపుకు వచ్చినప్పుడు ఫారంలో భర్త వివరాల దగ్గర నా చెయ్యి ఆగింది. భర్త పేరు రాయాలి, ఆయన డెత్ సర్టిఫికెట్ జతచేయాలి. మరి ఇక్కడ ఆమెకు హామీ ఎవరు? "బేటేకా నామ్ లిఖో" అంది. కొడుకు మైనరు. వాడు ఇక్కడే పుట్టాడు, తండ్రి భారత పౌరుడు, తల్లి చట్టప్రకారమే ఉన్న మనిషి, కాబట్టి వాడు పుట్టుకతోనే భారతీయుడు. స్కూల్లో జనగణమన పాడతాడు, విరాట్ కోహ్లీ ఔటైతే అన్నం తినడు. వాడి తల్లి మాత్రం వాడి దేశంలో గడువు ఉన్న అతిథి. చివరికి మరిది హామీ ఇచ్చాడు. మంచివాడు కాబట్టి ఇచ్చాడు. ఇంటి వాటా దగ్గర గొడవొచ్చి ఇవ్వనంటే? అదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఇప్పుడు మన సాహితీ క్లబ్‌కు ఇష్టమైన విషయానికి వస్తాను. వ్యాకరణం.

పౌరసత్వ చట్టం 1955లో వచ్చింది. అందులో సెక్షన్ 5, క్లాజు సి పెళ్లి ద్వారా వచ్చే పౌరసత్వం గురించి చెప్తుంది. మొదట్లో ఆ వాక్యం మన భాషలో చెప్పాలంటే ఇలా ఉండేది: భారత పౌరులను పెళ్లాడి ఉన్న, లేదా ఒకప్పుడు పెళ్లాడి ఉండిన స్త్రీలు. అంటే ఇప్పుడు భార్య అయినా సరే, ఒకప్పుడు భార్యగా ఉన్నా సరే. విధవరాలు, విడాకులు పొందిన మనిషి కూడా ఆ వాక్యంలో ఇమిడిపోయేవాళ్లు. 1986లో సవరించి 'స్త్రీలు' అన్నచోట 'వ్యక్తులు' అని పెట్టారు, అంటే అల్లుళ్లకూ దారి దొరికింది. ఐదేళ్లు ఇక్కడ ఉండాలన్న షరతు పెట్టారు. అప్పుడు కూడా 'ఒకప్పుడు' అన్న మాట మిగిలింది. 2003 సవరణలో ఐదేళ్లు ఏడేళ్లయింది. దాంతో పాటు వాక్యం కూడా మారింది: భారత పౌరుడిని పెళ్లాడి ఉన్న వ్యక్తి. అంతే. వర్తమానం మాత్రమే మిగిలింది. భూతకాలం పోయింది.

ఐదును ఏడు చేసినందుకు ఎవరైనా గొడవపడొచ్చు. నా బాధ దాని గురించి కాదు. ఒక దేశం తన పౌరసత్వం ఇవ్వడానికి ఏడేళ్లు చూస్తాననడంలో అన్యాయం లేదు. నా బాధంతా ఆ తీసేసిన భూతకాలం గురించే. అది ఉన్నప్పుడు చట్టం ఇలా అనేది: నువ్వు ఈ ఇంటి కోడలివి, ఇంటి మనిషి పోయినా నువ్వు ఈ ఇంటి కోడలివే. అది పోయాక ఇలా అంటోంది: ఆయన ఉన్నాడా? ఉంటే రా, లేకపోతే వేరే దారి చూసుకో.

వేరే దారులు లేవని చెప్పను, చెప్తే అబద్ధం అవుతుంది. తల్లో తండ్రో అవిభక్త భారతదేశంలో పుట్టి ఉంటే, లేదా హైదరాబాద్ సంస్థానంలాగా 1947 ఆగస్టు 15 తర్వాత భారత్‌లో కలిసిన ప్రాంతంలో పుట్టి ఉంటే, భారత సంతతి కింద అప్లై చేసుకోవచ్చు. పాత తరం కోడళ్లకు ఇది పనికొచ్చే దారి. కానీ కరాచీలో 1950ల్లో పుట్టిన తల్లిదండ్రుల కూతురికి ఆ తలుపు మూసుకుపోయింది. ఏడాది గడిచేకొద్దీ ఇంకా మూసుకుపోతుంది. ఇంకో దారి సెక్షన్ 6, మామూలు విదేశీయుడిలా మొత్తం 12 ఏళ్ల నివాసం చూపించడం. అంటే పెళ్లే జరగనట్టు, ఇంటి లెక్కలోంచి బయటికొచ్చి వేరే క్యూలో నిలబడాలన్నమాట. ఇంకో విచిత్రం చూడండి. భారత పౌరుల మైనరు పిల్లల్ని పౌరులుగా నమోదు చేసుకోవడానికి సెక్షన్ 5లో క్లాజు ఉంది. భారత పౌరుడైన మైనరు కొడుకు తల్లికి మాత్రం క్లాజు లేదు.

ఎల్‌టీవీ నిబంధనల్లో ఒక వర్గం ఉంది, చదివినప్పుడు ఒక్క నిమిషం ఆగిపోయాను. భారత సంతతి స్త్రీ పాకిస్తానీనో, బంగ్లాదేశీనో, అఫ్గానీనో పెళ్లాడి అక్కడి పౌరురాలై, తర్వాత విధవరాలై లేదా విడాకులై, అక్కడ ఆదుకునే మగదిక్కు లేక తిరిగి వస్తే ఆమెకు ఎల్‌టీవీ ఇవ్వొచ్చు. అంటే మన ప్రభుత్వానికి ఈ కష్టం తెలియక కాదు. పెళ్లి పోయాక ఆడమనిషి రెండు దేశాల మధ్య ఇరుక్కుంటుందని దానికి తెలుసు, దానికి ఒక దారీ పెట్టింది. కాకపోతే ఆ దారి అటు వెళ్లి తిరిగొచ్చిన కూతురికి. ఇటు వచ్చిన కోడలి కోసం కూడా అంత ఆలోచన చేయడం కష్టమా? పైగా 'మగదిక్కు లేకపోతే' అన్న లెక్క ఒకటి. మనిషికి ఉండే హక్కు ఎప్పుడూ పక్కనున్న మగవాడిని బట్టే కొలుస్తున్నాం.

"నువ్వు మరీ మెత్తగా మాట్లాడుతున్నావ్, అవతల ఉన్నది పాకిస్తాన్" అని మా హాస్టల్ ఫ్రెండ్ ఒకడు అన్నాడు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో జరిగింది మనందరికీ తెలుసు. రెండు రోజుల్లోనే పాకిస్తానీయుల వీసాలు ఏప్రిల్ 27 నుంచి రద్దని కేంద్రం ప్రకటించింది. మెడికల్ వీసాలకు 29 దాకా గడువిచ్చింది. ఎల్‌టీవీ ఉన్నవాళ్లను మినహాయించింది. ఆ వారంలో ఆపా తన ఫైలు మొత్తం పట్టుకుని షాపుకు వచ్చింది. "ఇస్మే ఎల్‌టీవీ లిఖేలా హై నా, దేఖ్ కే బోలో" అని ప్రతి కాగితం నాతో చదివించుకుంది. పొడిగింపుకు పెట్టుకున్న రసీదు ఉంది, ఆర్డరు ఇంకా రాలేదు. రసీదును ఎల్‌టీవీ కింద లెక్కేస్తారా లేదా అన్నది నాకెలా తెలుస్తుంది? మా మామ టీ తెప్పించాడు. ఆమె తాగకుండానే లేచింది, కొడుకు స్కూలు వదిలే టైమైందని. అటారీ దగ్గర తల్లులను, పిల్లలను విడదీస్తున్న వీడియోలు ఆ వారమంతా అందరి ఫోన్లలో తిరిగాయి. తల్లి పాస్‌పోర్టు ఒక రంగు, పిల్లల పాస్‌పోర్టు ఇంకో రంగు.

భద్రత విషయంలో నా సమాధానం ఒకటే. తనిఖీ చేయండి, గట్టిగానే చేయండి. వచ్చేటప్పుడు చేస్తున్నారు, ప్రతి పొడిగింపులో చేస్తున్నారు, పౌరసత్వ దరఖాస్తు కలెక్టరాఫీసు నుంచి రాష్ట్ర హోంశాఖ మీదుగా కేంద్ర హోంశాఖకు వెళ్లే లోపల ఇంకా చేస్తున్నారు. 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది, 1946 నాటి పాత విదేశీయుల చట్టం పోయింది. గడువు దాటి ఉంటే మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా. చట్టానికి పళ్లు బాగానే ఉన్నాయి. కానీ ఆలోచించండి. పదేళ్లు తనిఖీ చేసి ప్రమాదం లేదని తేల్చిన మనిషి, భర్త గుండె ఆగిన మరుసటి రోజు నుంచి ప్రమాదకరం ఎలా అవుతుంది? ఆమె అదే మనిషి, అదే ఇల్లు, అదే కరెంటు బిల్లు. మారింది ఒక్కటే, బిల్లు మీద పేరున్న మనిషి లేడు. భర్త మరణం భద్రతకు సంబంధించిన సమాచారం కాదు. అలాంటప్పుడు దాన్ని బట్టి చట్టం తన వాక్యం ఎందుకు మార్చుకోవాలి?

రెండో అభ్యంతరం దొంగపెళ్లిళ్లు. పాతబస్తీవాళ్లకు దీని గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1991లో అమీనా అనే పదేళ్ల పిల్లను అరవై దాటిన సౌదీ మనిషి పెళ్లి పేరుతో తీసుకెళ్తుంటే విమానంలో ఎయిర్ హోస్టెస్ గుర్తుపట్టి ఆపించింది. 2017 సెప్టెంబర్‌లో గల్ఫ్ షేకులను, వాళ్లకు నికాలు చేసిన ఖాజీలను, బ్రోకర్లను మన పోలీసులు అరెస్టు చేశారు. ఆ పెళ్లిళ్లలో ప్రతిసారీ పెళ్లికూతురికి చెప్పే మాట ఒకటే: "వెళ్లగానే వీసా పంపిస్తా." సౌదీలో ఆ దేశపు మనిషి విదేశీ అమ్మాయిని పెళ్లాడాలంటే ముందే అక్కడి హోంశాఖ అనుమతి తీసుకోవాలి. అనుమతి లేని పెళ్లికి వీసా ఎక్కడినుంచి వస్తుంది? ఆ సంగతి పిల్లకు తెలియదు, తండ్రికి తెలియదు, బ్రోకరుకు మాత్రం బాగా తెలుసు. మోసం ఎక్కడుంది అంటే, వీసా అంతా ఒక మగవాడి చేతిలో, ఒక మాట మీద ఉండటంలోనే ఉంది. కాబట్టి దొంగపెళ్లిళ్ల భయం నా వాదనకు అడ్డు కాదు, దానికే బలం. భార్య హక్కు భర్త చేతిలో ఎంత ఎక్కువగా ఉంటే మోసగాడికి అంత సుఖం. "చెప్పినట్టు వినకపోతే ఎక్స్‌టెన్షన్ కాగితం మీద సంతకం పెట్టను" అనే మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా పనిచేస్తుంది.

మిగతా దేశాలు ఇదే చిక్కు ముడిని ఎలా విప్పుకున్నాయో చూద్దాం. అమెరికా 1986లో దొంగపెళ్లిళ్ల మీద చట్టం చేసి, కొత్తగా పెళ్లయినవాళ్లకు రెండేళ్ల షరతు గ్రీన్ కార్డు పెట్టింది. రెండేళ్లయ్యాక భార్యాభర్తలిద్దరూ కలిసి షరతు తీసేయమని అడగాలి. కానీ అదే చట్టం, నిజమైన పెళ్లే గానీ విడాకులైంది, లేదా భర్త చనిపోయాడు, లేదా కొట్టి హింసించాడు అని చూపించగలిగితే ఒంటరిగా అప్లై చేసుకోనిస్తుంది. అమెరికా పౌరుడిని పెళ్లాడి రెండేళ్లు నిండకముందే భర్త పోతే ఫైలు కొట్టేసే పద్ధతి ఒకటుండేది. దాన్ని 2009లో తీసేశారు. బ్రిటన్‌లో భాగస్వామి వీసా మీద ఉండగా ఆ భాగస్వామి చనిపోతే శాశ్వత నివాసానికి అప్లై చేసుకునే దారి ఉంది. ఈ దేశాలేమీ ధర్మసత్రాలు కావు, వలసల మీద రోజూ కొట్టుకుంటూనే ఉన్నాయి. సునయన లాంటి హెచ్‌ఫోర్ భార్యల విషయంలో అమెరికా చట్టం ఇప్పటికీ కఠినమే. అయినా పౌరుల భార్యాభర్తల దగ్గరికి వచ్చేసరికి ఒక సంగతి ఒప్పుకున్నాయి. పెళ్లి నిజమా కాదా అన్నది తేల్చాల్సిన ప్రశ్న. పెళ్లి ఇంకా మిగిలి ఉందా అన్నది వేరే ప్రశ్న. మన 2003 సవరణ ఈ రెండింటినీ కలిపేసింది.

కాబట్టి నేను అడుగుతున్నది పెద్దదేమీ కాదు. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త ఆఫీసు అక్కర్లేదు, సరిహద్దు తెరవక్కర్లేదు. సెక్షన్ 5, క్లాజు సిలో ఒకప్పుడు ఉన్న 'ఒకప్పుడు'ను మళ్లీ పెట్టండి. ఏడేళ్ల నివాసం అలాగే ఉంచండి, తనిఖీలు అలాగే ఉంచండి. భర్త చనిపోయిన మనిషికి, హింస భరించలేక విడిపోయిన మనిషికి ఆ ఏడేళ్లు ఆమె ఖాతాలోనే ఉండనివ్వండి. పెళ్లి ద్వారా వచ్చిన ఓసీఐ విషయంలోనూ, పిల్లలు ఇక్కడ పెరుగుతుంటే విడాకులతో కార్డు లాక్కోకండి. ఎల్‌టీవీ పొడిగింపులో భర్త లేనప్పుడు మరిదినో బావనో వెతుక్కోమనకుండా, ఆమె పేరు మీదే, ఆమె నడవడిక మీదే ఇవ్వండి.

ఇది పార్లమెంటు పని, మనమేం చేస్తాం అంటారా? రెండు పనులు మన చేతిలోనే ఉన్నాయి. ఒకటి, మనలో చాలామందికి ఇంగ్లిష్ ఫారం చదవడం వచ్చు, పీడీఎఫ్ సైజు తగ్గించడం వచ్చు, పోర్టల్ క్రాష్ అయితే బెదరకుండా మళ్లీ ట్రై చేయడం వచ్చు. ఈ మూడూ రాక ఎందరో ఏజెంట్ల చుట్టూ తిరుగుతున్నారు. ఎన్‌ఎస్‌ఎస్ గంటల కోసం మొక్కలు నాటి ఫోటో దిగుతాం కదా, అందులో కొన్ని గంటలు ఏ బస్తీలోనో ఫారాలు నింపడానికి పెట్టుకోవచ్చు. అప్పుడు చెప్పాల్సిన మాటలు కూడా తెలిసినవే. పెళ్లి వెంటనే రిజిస్టర్ చేయించుకోండి. ఒరిజినల్స్ అత్తగారి బీరువాలో కాదు, మీ దగ్గరే పెట్టుకోండి. ఏడేళ్లు నిండిన రోజే అప్లై చేయండి, ఆయన ఉండగానే.

ఆ చివరి రెండు మాటలు, 'ఆయన ఉండగానే' అని ఒక ఆడమనిషితో అనడం ఎంత కష్టమో అని చూస్తే తెలుస్తుంది. ఇప్పుడున్న చట్టం ప్రకారం అంతకన్నా మంచి సలహా మాత్రం లేదు.

రెండో పని, ఈసారి హెచ్‌ఫోర్ గురించి క్యాంటీన్‌లో మాట్లాడుకునేటప్పుడు ఈ మాట కూడా మాట్లాడుకోవడం. మన అక్క డల్లాస్‌లో ఎవరి నీడలోనో కాకుండా తన కాళ్ల మీద నిలబడాలని మనం కోరుకుంటాం, అందుకోసం అక్కడి కోర్టుల్లో ఏం జరుగుతుందో ఊపిరి బిగబట్టి చూస్తాం. 2025 అక్టోబర్‌లో హెచ్‌ఫోర్ ఈఏడీని కొట్టేయమన్న కేసును అమెరికా సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోనప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని స్టిక్కర్లు పడ్డాయో గుర్తుందిగా. ఆ సంతోషంలో తప్పేమీ లేదు. కాకపోతే అక్కడ మన కూతురికి అడిగే న్యాయం ఇక్కడ పరాయింటి కూతురికి ఇవ్వకపోతే, మనం అడుగుతున్నది న్యాయం కాదు, డిస్కౌంటు.